ఆడపిల్లలతో లెక్కల ఆటలు ఎలా ఆడాలి: చింతగింజలు, ముగ్గుపిండి చాలు

మా మేనకోడలు మూడో తరగతి. కిందటి వేసవి సెలవులకి మా ఇంటికొస్తూ ఫోన్లో ఒక లెక్కల ఆట వేయించుకుని వచ్చింది. తెర నిండా గులాబీ రంగు, ఒక రాకుమారి, ఆవిడకో తెల్ల గుర్రం. ఐదు కూడికలు చేస్తే కిరీటం, పది చేస్తే కొత్త గౌను. రెండు రోజులు బాగానే ఆడింది. మూడో రోజు నా దగ్గరికొచ్చి, "అత్తా, ఈ లెక్కలు లేకుండా డైరెక్టుగా గౌను దగ్గరికి వెళ్ళొచ్చా?" అంది.

తప్పు పిల్లది కాదు. ఆ ఆటలో లెక్క టోల్‌గేటు లాంటిది. కట్టాల్సింది కట్టి దాటాలి, అంతే. టోల్‌గేటు కనబడితే పక్క సందు ఎక్కడుందా అని చూడనివాళ్ళెవరు?

అప్పట్నుంచీ ఏ లెక్కల ఆటనైనా ఒక్క ప్రశ్నతో చూస్తున్నాను. మీరూ చూడండి. ఆటలోంచి లెక్క తీసేస్తే ఆట ఇంకా నడుస్తుందా? నడిస్తే పక్కన పెట్టేయండి, అది గులాబీ రంగులో ఉన్నా సరే, నీలం రంగులో ఉన్నా సరే. ఆగిపోతే, అది ఆడించదగ్గ ఆట. ఈ పరీక్ష పెడితే ఫోన్లోవి చాలామటుకు పోతాయి. మన ఇళ్ళల్లో ఆడపిల్లలు అరుగుల మీద ఆడుకున్నవి చాలామటుకు నిలబడతాయి. వామనగుంటల్లోంచి లెక్క తీసేస్తే మిగిలేది చెక్క ముక్కే.

కింద చెప్పేవన్నీ ఆరేళ్ళ నుంచి పదకొండేళ్ళ లోపు పిల్లలకి. మగపిల్లలు కూర్చుంటామంటే వద్దనకండి.

ముందు మన నోరు కట్టుకోవాలి

"నాకూ చిన్నప్పుడు లెక్కలంటే భయమేనమ్మా" అనే మాట పిల్లని ఓదార్చడానికే అంటాం. కానీ పిల్లకి వినబడేది వేరు. షికాగో విశ్వవిద్యాలయం వాళ్ళు ఒకటి, రెండు తరగతుల టీచర్లమ్మల మీద చేసిన పరిశోధన ఒకటి 2010లో వచ్చింది. లెక్కలంటే బాగా టెన్షన్ పడే టీచరమ్మ దగ్గర ఏడాది చదివాక, "లెక్కలు మగపిల్లలకే బాగా వస్తాయి" అని నమ్మే ఆడపిల్లలు ఎక్కువయ్యారు. అలా నమ్మినవాళ్ళు లెక్కల్లో వెనకబడ్డారు కూడా. మగపిల్లల మీద మాత్రం ఆ ప్రభావం కనబడలేదు. టీచరమ్మకే ఇంతుంటే అమ్మకి, అత్తకి, అమ్మమ్మకి ఎంతుంటుందో ఆలోచించండి.

ఇంకోటి నేను కూడా చేసిన పొరపాటే. "ఇది తెలివైనవాళ్ళ ఆట, రా ఆడదాం" అని ఊరించడం. 2017లో వచ్చిన ఇంకో అమెరికా పరిశోధనలో ఆరేడేళ్ళ పిల్లలకి రెండు ఆటలు చూపించారు. ఒకటి చాలా చాలా తెలివైనవాళ్ళ కోసమని, రెండోది చాలా చాలా కష్టపడేవాళ్ళ కోసమని చెప్పారు. మొదటి ఆట మీద మగపిల్లలకున్నంత ఆసక్తి ఆడపిల్లలకి లేదు. రెండో దాని దగ్గర తేడా లేదు. కాబట్టి ఊరించడం మానేసి, మీరే గింజలు ముందేసుకుని కూర్చోండి. కాసేపటికి వాళ్ళే వస్తారు.

వామనగుంటలు: మెల్లగా, మొదటి నుంచి

చెక్క పీట ఉంటే మంచిదే. లేకపోతే నేల మీద సుద్దముక్కతో రెండు వరసల్లో ఏడేసి గుండ్రాలు గీయండి. చింతగింజలు 70 కావాలి. కొన్ని ఊళ్ళల్లో చింతపిక్కలంటారు, కడిగి ఎండబెడితే చాలు. ఇంట్లో రెండేళ్ళ బుడతడు ఉంటే వాడు పడుకున్నాక ఆడండి. చింతగింజలు ముక్కులోకి ఎంత చక్కగా దూరతాయో ఒకసారి చూశాక నేను నేర్చుకున్న పాఠమిది.

పద్ధతి ఊరూరికీ కాస్త మారుతుంది. మా ఇంట్లో తేలికైనది ఇలా ఆడతాం:

1. గుంటకి ఐదేసి గింజలు పోయాలి. మీ వైపు ఏడు గుంటలు మీవి, అవతలి ఏడూ వాళ్ళవి.

2. మీ గుంటల్లో ఒకదాంట్లోవన్నీ తీసి, కుడివైపుకి గుంటకొకటి చొప్పున వేసుకుంటూ పోవాలి. మీ వరస అయిపోతే మలుపు తిరిగి అవతలి వరసలోకి.

3. చేతిలోవి అయిపోగానే ఆ పక్క గుంటలోవి తీసి మళ్ళీ పంచాలి.

4. చేతిలోవి అయిపోయాక పక్క గుంట ఖాళీగా ఉంటే, దాన్ని చేత్తో తుడిచి, దాని తర్వాతి గుంటలోవి మీరు తీసుకోవాలి. ఇక వంతు అవతలివాళ్ళది.

5. ఎవరి వైపైనా గింజలు లేకుండా పోతే ఆ ఆట అయిపోయినట్టు. అవతల మిగిలినవి అవతలివాళ్ళవే.

ఇప్పుడు ఒక ఎత్తు దగ్గరగా చూద్దాం. మీ ఎడమ చివరి గుంట ఒకటో నంబరు, అలా చుట్టూ తిరుగుతూ పద్నాలుగు వరకు అనుకోండి. ఒకటో గుంటలో ఐదు తీశారు. రెండు నుంచి ఆరు దాకా పడ్డాయి. పక్కది ఏడు, అందులో ఐదు తీశారు, ఎనిమిది నుంచి పన్నెండు దాకా పడ్డాయి. పక్కది పదమూడు, అందులోవి పద్నాలుగులో ఒకటి పడి, మలుపు తిరిగి ఒకటి, రెండు, మూడు, నాలుగులో పడ్డాయి. పక్కనున్న ఐదో గుంటలో ఇప్పుడు ఆరున్నాయి. అవి పదకొండు దాకా వెళ్ళాయి. పన్నెండులో ఆరు తీస్తే మళ్ళీ నాలుగో గుంట దగ్గర చెయ్యి ఖాళీ. పక్కన ఐదో గుంట ఇందాకే ఖాళీ అయింది. తుడిచారు. ఆరో గుంటలో ఏడు గింజలు. మీవి.

మా మేనకోడలు ఇది నాలుగు పూటలు ఆడాక ఒకటి కనిపెట్టింది. ఆట మొదట్లో ఏ గుంట నుంచి ఎత్తినా ఏడే వస్తున్నాయి. "అత్తా, నువ్వేదో మాయ చేస్తున్నావు" అంది. మాయేం లేదు. అన్ని గుంటల్లో సమానంగా ఉన్నప్పుడు చుట్టు తిరిగే వరసలో ఏది మొదటిదైతేనేం? కానీ నేనది చెప్పలేదు. ఏడు గుంటల నుంచీ మొదలుపెట్టి చూస్తూ, పెన్సిల్‌తో గోడ మీద రాసుకుంటూ కూర్చుంది. గోడ పాడయింది. తర్వాత నాలుగేసి పోసి చూసింది, ఆరొచ్చాయి. మూడేసి పోస్తే ఎంతో మీరు మీ పిల్లకి ముందే చెప్పకండి.

రెండో ఆటలో భాగహారం తనంతట తనే వస్తుంది. మొదటి ఆటలో ఒకరికి 38, ఇంకొకరికి 32 వచ్చాయనుకోండి. గుంటకి ఐదు చొప్పున నింపితే 38 ఉన్నవాళ్ళకి ఏడు గుంటలూ నిండి చేతిలో 3 మిగుల్తాయి. 32 ఉన్నవాళ్ళకి ఆరు గుంటలే నిండి 2 మిగుల్తాయి, ఏడో గుంట మూతపడుతుంది. స్కూల్లో "శేషం" అనే మాట అర్థం కాని పిల్లకి, ఇంకో మూడు గింజలుంటే గుంట దక్కేదన్న కడుపుమంట మాత్రం బాగా అర్థమవుతుంది. మిగిలిన రెండు గింజలూ గుప్పిట్లో పట్టుకుని కూర్చున్న పిల్ల మొహం చూడాలి మీరు.

ఇక్కడే నేను ఆట చెడగొట్టాను కూడా. అంతా బాగా సాగుతుంటే ఊరుకోలేక, "ఇప్పుడు ఏడుకి ఆరు కలిపితే ఎంత?" అన్నాను. పిల్ల గింజలు కింద పెట్టేసి, "ఇది స్కూలా?" అంది. ఆ రోజు మళ్ళీ ఆడలేదు. లెక్క ఆటే అడగాలి, మనం అడగకూడదు. అంతగా నోరు దురద పెడితే, "నాకు ఏ గుంట ఎత్తాలో తోచట్లేదు, నువ్వైతే ఏది ఎత్తుతావు?" అనండి. వాళ్ళు గుంటలు లెక్కపెట్టడం మొదలుపెడతారు.

అమ్మమ్మ ఏలూరులో, మనవరాలు డాలస్‌లో ఉన్నా ఇది కుదురుతుంది. వీడియో కాల్లో ఇద్దరూ చెరో పీట పెట్టుకుని, గుంట నంబరు చెప్పుకుంటూ రెండు పీటల్లోనూ గింజలు కదపాలి. చివర్లో రెండు పీటలూ ఒకేలా లేకపోతే ఎక్కడ తప్పిందో వెతకడం ఇంకో ఆట.

ముగ్గు: ఆడపిల్లల చేతిలో ఉన్న గళ్ళ కాగితం

నన్నడిగితే అన్నిట్లోకీ పెద్ద ఆట ఇదే. 1974లో మద్రాసులో గిఫ్ట్ సిరోమణి, రాణి సిరోమణి, కమలా కృతివాసన్ తమిళ ముగ్గుల్ని, అంటే కోలాల్ని, తీసుకుని కంప్యూటర్ భాషల సిద్ధాంతంలో పరిశోధన పత్రం రాశారు. ఆ ముగ్గురిలో ఇద్దరు ఆడవాళ్ళు. ఈ సంగతి మా పిల్లకి చెప్తే, "ముగ్గులేస్తే సైంటిస్టు అవుతారా?" అని అడిగింది. అవుతారో లేదో గానీ అయినవాళ్ళు వేశారన్నాను.

ఆరేడేళ్ళ పిల్లయితే చుక్కల దగ్గర మొదలుపెట్టండి. సందు చుక్క పెట్టడం నేర్పండి. నడిమి వరసలో 3 చుక్కలు, పైన రెండు, కింద రెండు, చుక్కకీ చుక్కకీ సందులో పడేలా. మొత్తం 7. తర్వాత 5 చుక్కలు, 3 వచ్చేవరకు: నడుమ 5, పైనా కిందా 4, తర్వాత 3. మొత్తం 19. తర్వాత 7 నుంచి 4: మొత్తం 37. తర్వాత 9 నుంచి 5: మొత్తం 61. ముగ్గు వేసే ముందు ఎన్ని చుక్కలొస్తాయో ఇద్దరూ పందెం వేసుకోండి, ఎవరిది దగ్గరగా ఉంటే రంగులు వాళ్ళు ఎంచుకుంటారు. అంచనా వేయడం పిల్లలకి అలా అలవాటవుతుంది. ఎవరూ నేర్పినట్టుండదు.

తొమ్మిది పదేళ్ళ పిల్లయితే ఆ అంకెల్ని, ముందు ఒంటి చుక్కకి 1 వేసి, ఒక కాగితం మీద వరసగా రాయించండి: 1, 7, 19, 37, 61. ఒకదాన్నుంచి ఒకటి తీసేస్తే 6, 12, 18, 24. ఆరో ఎక్కం ముగ్గులోంచి బయటికొస్తుంది. అక్కడితో ఆగినా చాలు. ఇంకా ఉత్సాహం ఉంటే వాటినే కూడుకుంటూ వెళ్ళమనండి. 1, 8, 27, 64, 125. ఇవి ఏమిటో స్కూల్లో ఘనాలు చెప్పిన రోజు తనకే తెలుస్తుంది, "ఇవి మా ముగ్గువి" అంటుంది.

ఎదురు చుక్క వేరే రకం. 1, 3, 5, 7, మళ్ళీ 5, 3, 1. పై నాలుగు వరసల చుక్కలు కలిపితే 16, కింది మూడు వరసలు కలిపితే 9. గింజలు పరిచి 16నీ, 9నీ చతురస్రాలుగా సర్దమనండి.

తర్వాత సగం ముగ్గు ఆట. మీరు కుడి సగం వేయండి, పిల్ల ఎడమ సగం పూర్తి చేయాలి. వచ్చాక పావు ముగ్గే వేసి ఇవ్వండి. అద్దం పెట్టి సరిచూసుకోవడానికి మీ పౌడరు డబ్బా అద్దం చాలు. తేడా వస్తే "తప్పు" అనకండి, "అద్దం ఏమంటోంది?" అనండి. గోరింటాకు పెట్టేటప్పుడు కూడా ఇదే ఆట, కుడి చేతికి పెట్టింది ఎడమ చేతికి తిప్పి పెట్టాలి. అది ఎంత కష్టమో పెట్టినవాళ్ళకి తెలుసు.

ఐదారు తరగతుల పిల్లకైతే మెలికల ముగ్గు ఇవ్వండి. ముగ్గుపిండి కంటే ముందు నోటుబుక్కు మీద మంచిది. అడ్డంగా 3, నిలువుగా 2 చుక్కలు నిండుగా పెట్టండి. గీత చుక్కని తాకకూడదు. పక్కపక్కనున్న ప్రతి రెండు చుక్కల నడుమా ఐమూలగా దాటుతూ వెళ్ళాలి, అంచుకొచ్చినప్పుడు చివరి చుక్కని చుట్టి లోపలికి తిరగాలి, అన్ని సందుల్లోనూ రెండు గీతలు దాటాలి. 3, 2 చుక్కలైతే చెయ్యి ఎత్తకుండా ఒక్క మెలికలో ముగ్గు అయిపోతుంది. 3, 3 వేస్తే ఒక్కటి చాలదు, మూడు మెలికలు కావాలి. 2, 4 అయితే రెండు. 3, 4 అయితే మళ్ళీ ఒక్కటే. 4, 6 అయితే?

ఆ జంటలన్నీ ఒక పట్టిక గీసి రాసుకోమనండి. ఒక్క మెలికలో అయిపోయే వాటికి ఎర్ర రంగు, కానివాటికి ఇంకో రంగు. ఆరో తరగతి పిల్లకి ఎప్పుడో ఒకప్పుడు వెలుగుతుంది, మెలికల సంఖ్య ఆ రెండు అంకెల గ.సా.భా అని, అంటే రెండింటినీ శేషం లేకుండా భాగించే అన్నిట్లోకీ పెద్ద అంకె అని. పుస్తకంలో గ.సా.భా చూస్తే ఆవలించే పిల్లే, "ఒక్క గీతలో అయ్యే ముగ్గు నేను ముందే చెప్పేస్తా" అని పక్కింటి పిన్నితో పందెం కాస్తుంది. మీకు ఈ గీత మొదట రాకపోతే 2, 2 చుక్కలతో మొదలుపెట్టండి. నాకూ రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ నేను తిప్పలు పడటం పిల్ల చూసింది, అదీ మంచిదే అయింది.

మిగతావి, టూకీగా

అచ్చంగిల్లాలు. ఐదు రాళ్ళలో ఒకటి ఎగరేసి, కిందున్న నాలుగింటిని ఒక్కొక్కటిగా, తర్వాత రెండేసి, తర్వాత మూడూ ఒకటీ, చివరికి నాలుగూ ఒకేసారి తీస్తారు. నాలుగుని విడగొట్టే పద్ధతి ఇంకొకటి ఉంది, అది మన ఆటలో లేదు. అదేంటో పిల్లని కనిపెట్టమని, దానికి ఒక పేరు పెట్టి ఆటలో కలపమనండి. తన పేరే పెట్టుకుంటుంది, పెట్టుకోనివ్వండి. ఆరు రాళ్ళతో ఆడితే ఎన్ని మెట్లుంటాయో తర్వాతి సంగతి.

అష్టాచెమ్మా. నాలుగు గవ్వలు, లేదా ఒకవైపు అరగదీసిన నాలుగు చింతగింజలు. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ, నాలుగూ బోర్లాపడితే అష్టా. పిల్ల "నాకెప్పుడూ రెండే పడుతుంది" అని ఏడుపు మొహం పెట్టినప్పుడు పుస్తకం తీయించండి. యాభైసార్లు వేసి ఏది ఎన్నిసార్లు పడిందో గీతలు గీయమనండి, నాలుగు నిలువు గీతలకి ఐదోది అడ్డంగా. బొమ్మాబొరుసులా రెండు వైపులా సమంగా పడే గవ్వలైతే పదహారు రకాల్లో రెండు పడేవి ఆరు, చెమ్మ ఒకటే, అష్టా ఒకటే. నిజం గవ్వలు అంత న్యాయంగా పడవు. అందుకే మీ ఇంటి గవ్వల లెక్క మీ గవ్వలదే. మా పిల్ల రెండు జతల గవ్వల్ని పోల్చి చూసి, మంచి జత తన దగ్గర ఉంచుకుంది. దాన్ని నేను మోసం అనలేదు.

వైకుంఠపాళి. చిన్నపిల్లలకి ఇదే మొదలు. ఒక్క మార్పు చాలు. 37వ గడిలో ఉండి నాలుగు పడితే "ఒకటి, రెండు, మూడు, నాలుగు" అనకుండా "38, 39, 40, 41" అని జరపాలి. ఇలా ఉన్న అంకె నుంచి లెక్కపెట్టుకుంటూ వెళ్ళిన పిల్లలకి అంకెల మీద పట్టు బాగా పెరిగిందని అమెరికాలో ఎలిడా లాస్కీ, రాబర్ట్ సీగ్లర్ 2014లో ప్రచురించిన పరిశోధనలో తేలింది. పెద్ద పాము మింగినప్పుడు ఎన్ని గళ్ళు కిందికొచ్చామో పిల్లే చెప్తుంది, మీరు అడగక్కర్లేదు, అంత బాధ.

దుకాణం ఆట మాత్రం ఈ రోజుల్లో కావాలని ఆడించాలి. అందరం ఫోన్లతో డబ్బులు కడుతున్నాం, పిల్లలకి చిల్లర కనబడటమే మానేసింది. ఒక డబ్బాలో రూపాయి, రెండు, ఐదు, పది నాణేలు వేసి ఉంచండి. గాజుల కొట్టు పెట్టనివ్వండి, పూలు మూరల లెక్కన అమ్మనివ్వండి. మీరు బేరం ఆడండి, గట్టిగా ఆడండి. "డజను అరవై అయితే నాలుగు గాజులు ఎంతకిస్తావు?" అని కొనేవాళ్ళు అడిగితే అది పరీక్ష ప్రశ్న కాదు. మా పిల్ల ఒకసారి నాలుగు గాజులకి ఇరవై ఐదు చెప్పింది. ఇరవై కదా అంటే, "విడిగా అమ్మితే రేటు ఎక్కువ అత్తా" అంది.

కొన్ని పట్టింపులు

రోజూ అరగంట దాటనివ్వకండి. పిల్ల ఇంకా ఆడతానంటుండగానే గింజలు డబ్బాలో పోసేయండి. స్కోరు పుస్తకం పిల్లదే, రాసేదీ తనే. మీరు కావాలని ఓడిపోవద్దు, ఆరేళ్ళ పిల్లకి కూడా తెలిసిపోతుంది. అంత తేడా ఉందనిపిస్తే వామనగుంటల్లో ఆట మొదట్లోనే వాళ్ళకి పది గింజలు ఎక్కువ ఇచ్చి ఆడండి, ఆ పదీ ఎప్పుడు తగ్గించాలో తననే చెప్పమనండి. పక్కింటి పిల్లలతో పోల్చకండి. గెలిస్తే "ఎంత తెలివి!" అనే బదులు, "ఆ గుంట ఎందుకు ఎత్తావు?" అని అడగండి, చెప్పడానికి సరదా పడతారు.

ముగ్గులు ఇష్టం లేని ఆడపిల్లలుంటారు, పులి-మేక ఆటలో పులులే కావాలనేవాళ్ళుంటారు. మూడు పులులు, పదిహేను మేకలు తీసుకుని కూర్చోండి, అదీ లెక్కే.

సెలవులయ్యాక మా మేనకోడలు వాళ్ళింటికి ఒక సంచీడు చింతగింజలు పట్టుకెళ్ళింది. పోయిన ఆదివారం ఫోన్ చేసింది. గుంటకి ఆరేసి పోసి ఆడుతోందట. "అత్తా, ఐదేసి పోస్తే అంతసేపు తిరుగుతాయి కదా, ఆరేసి పోస్తే రెండుసార్లు పంచగానే ఆగిపోతోంది. ఎందుకు?"

నేను గింజలు వెతుక్కుంటున్నాను, 84 కావాలి.